చదివించు వ్రాత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు లెక్కలు రెండు విధములుగా నుండును. ఎన్ని గ్రంథములు కొనబడినవి, ఎందరు చందాదారులు చేరిరి, బీరువాలెన్ని, బల్లలెన్ని యనునది మొదటి లెక్క. అది రిజిస్టరులలో నుండును. కార్యదర్శిగారి నివేదికలో వినబడును. రెండవ లెక్క యే రిజిస్టరునకును ఎక్కదు. అది పుస్తకముల పుటలమీదనే పడియుండును. బీరువానుండి యే పుస్తకమునైనను తీసి దాని యంచులను పరికించినచో ఆ లెక్క బోధపడును. కొన్ని పుస్తకములు మొదటి పుట మొదలు కడపటి పుటవరకు ఒకే తీరుగ మాసి, మూలలు మడతలు పడి, అట్టలు రెండు మూడు మారులు మార్పబడి యుండును. మఱికొన్నిటియందు మొదటి పది యిరువది పుటలు మాత్రమే మాసియుండును. ఆవలి పుటలు అంగడినుండి వచ్చిన నాటివలెనే తెల్లగ నుండును. ఆ మాపునకును ఆ తెలుపునకును నడుమనున్న పుటయే పొలిమేర. అచ్చటనే చదువరి పుస్తకమును మూసివేసెను. అచ్చటనే రచయిత చదువరిని పోగొట్టుకొనెను.

ఇట్టి పొలిమేరలు కనబడినపుడు నేరమును చదువరిపై మోపుట లోకమున పరిపాటి. “పల్లెవారికి చదువునం దభిరుచి లేదు, ఓపిక లేదు” అని పెద్దలు పలుకుచుందురు. ఈ యభియోగము న్యాయమైనది కాదు. పగలంతయు పొలమున శ్రమించిన ఆ పల్లెవారే తోలుబొమ్మలాట జరుగునాడు తెల్లవారువరకు కన్ను మూయక కూర్చుండువారు. హరికథ జరుగుచుండగా చినుకులు పడినను లేవనివారు వారే. ఓపిక లేనివారైనచో ఇది యెట్లు పొసగును? ఓపిక యున్నది, దానిని వెచ్చించుటకు తగిన కారణమును చూపువాడే కొఱవడినాడు. కావున తెల్లగ మిగిలిన పుటలకు జవాబు చెప్పవలసినవాడు మొదట రచయిత, పిమ్మటనే చదువరి.

ఈ విషయము నేడు విచారింపవలసిన అగత్యము గలదు. గ్రామ యువకులు గ్రంథాలయ పక్షమున నెలకొక లిఖితపత్రికను వెలువరింప సంకల్పించి యున్నారు. ఆరోగ్యము, వ్యవసాయము, గ్రామచరిత్రము, కొత్త పుస్తకముల పరిచయము అందుండవలయునని వారి కోరిక. సంకల్పము మెచ్చదగినది. కాని మంచి విషయము వ్రాసినంత మాత్రమున జనులు చదువుదురను నమ్మకము పెట్టుకొనరాదు. చదువురాని వానికి అక్షరములు నేర్పవచ్చును. చదువు వచ్చియు, వ్రాతల యందలి నిస్సారతచే విసిగి చదువుటయే మానివేసిన వానిని మరల పుస్తకముకడకు తెచ్చుట అంతకంటె కష్టము. అట్టివాడు తన భూమి కాగితమునుగూడ ఇతరులచే చదివించుకొని, వారు చెప్పినదే వేదమని సంతకము చేయును. చదివించు వ్రాత యనునది కేవలము వినోదమునకు సంబంధించిన మాట కాదు.

చదివించు వ్రాతలో రెండు పనులు గలవు. ఊరిలో దండోరా వేయువాని పద్ధతిని గమనించిన ఈ రెండును తెలియును. వాడు మొదట డప్పు మ్రోగించును. ఆ మ్రోతకు జనులు గుమ్మములకడకు వత్తురు. పిమ్మట వాడు చెప్పవలసిన మాట చెప్పును: కాలువకు నీరు ఎన్నడు వదలుదురు, సంత యేనాటికి మాఱినది, ఎవరి ఆబోతు తప్పిపోయినది. డప్పు లేక మాట మాత్రమే చెప్పినచో ఎవరికిని వినబడదు. మాట లేక డప్పు మాత్రమే మ్రోగించినచో రెండవమారు ఎవరును గుమ్మము దాటి రారు. పిలుచుట డప్పు పని, నిలుపుట మాట పని. పెక్కు రచనలలో ఈ రెంటిలో నొకటియే యుండును. పండితుల వ్యాసములలో తఱచుగ డప్పు లేదు. నేటి వ్యాపార ప్రకటనలలో తఱచుగ మాట లేదు.

పిలుచుటయు నిలుపుటయు ఏకముగ సాధించు ఉపాయమును మన పూర్వులు ఎన్నడో కనిపెట్టిరి. పంచతంత్రమును జూడుడు. అమరశక్తి యను రాజునకు మువ్వురు కుమారులు. వారు చదువనిన మొగము త్రిప్పుకొనువారు. లోకమునందలి విముఖులగు చదువరులకెల్ల ఆ రాజకుమారులే మూలపురుషులనవచ్చును. విష్ణుశర్మ వారిని నిందింపలేదు. తన బోధనావిధానమునే మార్చుకొనెను. ఆఱు మాసములలో వారిని నీతికోవిదుల గావింతునని ప్రతిన చేసి కథల నారంభించెను.

ఆ కథల కూర్పులో నొక మర్మము గలదు. ప్రతి కథకును ముందు ఒక పాత్ర యొక నీతివాక్యమును పలికి, అందులోనే కథాఫలితమును గూడ చెప్పివేయును. తనకు సంబంధింపని పనిలో చేయి పెట్టువాడు మేకు పెఱికిన కోతివలె నశించునని కరటకుడు దమనకునితో ననును. అంతట దమనకుడు “అది యెట్లు?” అని యడుగును. అప్పుడు కథ ప్రారంభమగును: వడ్రంగులు దూలమును సగము చీల్చి, ఆ చీలికలో మేకు దిగవేసి భోజనమునకు పోవుట, కోతి వచ్చి దూలముపై కూర్చుండి ఆ మేకును పెఱుకుట, తానే ఆ చీలికలో నిఱుకుకొని చచ్చుట. విచిత్రమేమన, కోతి చచ్చినదని మొదటనే తెలిసిపోయినను వినువాని యాసక్తి తఱుగలేదు, ఇనుమడించినది. ఫలము తెలిసినది, విధము తెలియలేదు. ఆ రెంటి నడుమ నేర్పడిన వెలితిని నింపుకొనవలెనను తహతహయే మనుష్యునిచేత చదివించునది. ఈ మర్మమును తెలిసినవారి వచనము నిలిచినది. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను వెలువరించి ఈ కథలను తెలుగు వచనమునకు దెచ్చినపుడు, భాష ప్రౌఢమైనను బాలురు ఆ కథలను విడువలేదు. “అది యెట్లు?” అను ప్రశ్న వారిని ఈడ్చుకొనిపోయెను.

కావున రచయిత మొదట ప్రశ్నించుకొనవలసినది “ఏమి చెప్పుదును?” అని మాత్రమే కాదు, “చదువరి మనసున ఏ ప్రశ్న పుట్టింతును?” అని. ఇందుకు భిన్నముగ మన వ్యాసములు అనేకము లెట్లారంభమగుచున్నవో చూడుడు. ఆరోగ్యమును గూర్చిన వ్యాసము ఆరోగ్యమే మహాభాగ్యమనుటతో మొదలగును. నీటిని గూర్చిన వ్యాసము పంచభూతములలో జలమొకటి యనుటతో మొదలగును. ఇవి యసత్యములు కావు. కాని వీనిని విని “అది యెట్లు?” అని యడుగువాడు ఒక్కడును ఉండడు. అందఱికిని తెలిసినదానితో మొదలిడినచో, మున్ముందు చెప్పబడునదియు తెలిసినదే యై యుండునని చదువరి తలచుట సహజము. అతడు పుట త్రిప్పుట మానును.

ఒక యుదాహరణమును విచారింతము. త్రాగునీటి బావి చెంత మురుగు చేరరాదని లిఖితపత్రికలో వ్రాయవలసి వచ్చినదనుకొందము. ఆ విషయమును లోకమునకు చాటిన వృత్తాంతము లండను నగరమున జరిగినది. దానినిట్లు మొదలిడవచ్చును: “1854వ సంవత్సరమున లండనులో సోహో యను పేటయందలి యొక చేతిపంపు నీటివలన, ఆ పేటకు కొన్ని మైళ్ల దూరమున నున్న ఒక వృద్ధురాలు కలరా సోకి మరణించెను, ఆ పంపునకు కూతవేటు దూరమున పనిచేయుచున్న డెబ్బదిమంది కూలీలలో ఒక్కడైనను చావలేదు.”

ఈ వాక్యమును విన్నవాడు “అది యెట్లు?” అని యడుగక యుండలేడు. అప్పుడు మిగిలిన సంగతి చెప్పవలయును. ఆ వృద్ధురాలు పూర్వము ఆ పేటలో నివసించి, ఆ నీటి రుచి మఱగినది. వేఱొక చోటికి పోయిన పిమ్మటను ఆ నీటినే సీసాలలో తెప్పించుకొని త్రాగుచుండెను. ఆ కూలీలు బీరు తయారుచేయు కర్మాగారమునందలివారు. వారు బీరు త్రాగుచుండిరి, కర్మాగారమునకు వేఱుగ బావియు గలదు. వారు వీధిపంపు జోలికి పోలేదు. ఆ పేటలో కొలది వారములలో ఆఱువందలమందికి పైగా మరణించిరి. కలరా చెడుగాలివలన వచ్చునని వైద్యులలో పెక్కురు నమ్ముచుండిన కాలమది. జాన్ స్నో అను వైద్యుడు ఇల్లిల్లు దిరిగి, చచ్చినవారు ఏ నీరు త్రాగిరో విచారించి, చావులు దాదాపుగ అన్నియు ఆ పంపు చుట్టునే క్రమ్ముకొని యున్నవని చూపెను. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడి తీసివేయబడెను. అప్పటికే రోగము తగ్గుముఖము పట్టియుండెననియు చరిత్ర చెప్పుచున్నది. ఆ మాటను దాచక చెప్పినచో చదువరికి రచయితపై నమ్మకము పెరుగును. పిమ్మట పంపు సమీపమున మలకూపమొకటి గలదనియు, అందలి మురుగు ఆ బావిలోనికి ఊరుచుండెననియు తెలియవచ్చెను. ఇంతవఱకు చదివినవాడు ఇక తన యూరి బావిగట్టును చూడక యుండునా? పంచభూతములను స్మరింపకయే నీటి పరిశుభ్రతను గూర్చి చెప్పవలసినదంతయు చెప్పబడినది.

ఇక చదువరి యెవడో ఎఱిగి వ్రాయుట మఱియొక విధి. మన పురాణములయందు చెప్పువా డొక్కడే యుండడు; వినువాడును కథలోనే కూర్చుండి యుండును. నైమిశారణ్యమున శౌనకాది మహామునులు అడుగగా సూతుడు చెప్పును. జనమేజయుడు అడుగగా వైశంపాయనుడు చెప్పును. పరీక్షిత్తు అడుగగా శుకుడు చెప్పును. వినువాని సందేహమే చెప్పువానికి దారి. మఱి ఆ పరీక్షిత్తు ఎట్టి శ్రోత? ఏడు దినములలో మరణము నిశ్చితమైనవాడు. అట్టివాని యెదుట శుకుడు వృథాలాపములకు కాలము వెచ్చింపదగునా? గ్రామమునందలి చదువరికి అంతటి విపత్తు లేకపోవచ్చును గాని, అతనికి మిగులు కాలమును మితమైనదే. రాత్రి భోజనమైన పిమ్మట ఒక గంట. ఆ గంటకై టెలివిజను, చేతిలోని ఫోను, ఇరుగుపొరుగు ముచ్చట, నిద్ర అన్నియు కాచుకొని యుండును. వానినన్నిటిని పక్కకు నెట్టి అతడు కాగితమును చేతబట్టినాడనిన, అది రచయితకు చేయబడిన గౌరవము.

పౌరాణికునకు ఒక సౌకర్యము గలదు. అతడు శ్రోతల మొగములను చూచుచుండును. ముందు వరుసలోని ముదుసలి కునికిపాట్లు పడిన వెంటనే వర్ణన ముగించి కథలోనికి దిగును. పిల్లలు అల్లరి చేసినచో గొంతు మార్చును. వ్రాయువానికి ఆ మొగములు కనబడవు. కనబడనందువలననే అతడు తన యిష్టము వచ్చినంత దూరము పోవును. దీనికి మందు ఒక్కటే. వ్రాయుచున్నంతసేపును ఒకానొక నిజమైన మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొన్నట్లు భావింపవలయును. విత్తనముల గూర్చి వ్రాయునపుడు మూడెకరముల రైతును, పిల్లల జ్వరములను గూర్చి వ్రాయునపుడు చంకలో బిడ్డతో నున్న తల్లిని భావింపవలయును. “ప్రజలు” అను పేరుగల మనిషి యెచ్చటను లేడు. అట్టివానికి వ్రాసిన వ్రాత యెవరికిని చేరదు.

చదువరికొఱకై తన్ను తాను మార్చుకొన్న రచయితలలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అగ్రగణ్యులు. ఆయన యౌవనమున శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. అందు సంస్కృతపదము రాదు, పెదవులు తాకి పలుకవలసిన యక్షరము రాదు, వచనము రాదు. అంతటి కఠిన నియమములతో ఆటలాడగల పండితుడు 1874లో వివేకవర్ధినిని స్థాపించిన పిమ్మట తన పాండిత్యమును మూటగట్టి పక్కన బెట్టి క్రమముగ తేటమాటలకు దిగిరి. ఏలయన అంతకుముందు ఆయన పండితులను మెప్పింపగోరెను. ఇప్పుడు లంచములను, బాల్యవివాహములను, కన్యాశుల్కమును రూపుమాపగోరెను. ఆ పని పండితులు మెచ్చినంతమాత్రమున కాదు, గృహస్థులు చదువవలయును. ముదుసలి వరునకు చిన్న బాలిక నిచ్చు దురాచారమును ఆయన ఉపన్యాసముతో ఖండించి ఊరకుండలేదు. బ్రహ్మవివాహమను ప్రహసనమును వ్రాసిరి. జనులు దానిని పెద్దయ్యగారి పెళ్లి యనియే వ్యవహరించిరి. వకీళ్ల మోసములపై వ్రాసిన వ్యవహారధర్మబోధినికిని ప్లీడరు నాటకమని జనులే పేరు పెట్టుకొనిరి. గ్రంథకర్త పెట్టిన పేరును త్రోసి జనులు తమ పేరు పెట్టుకొన్నారనిన, ఆ గ్రంథము వారి సొంతమైనదని యర్థము. ఏ రచయితకైనను ఇంతకు మించిన బిరుదు లేదు.

పత్రికారచనలో చదువరిని దినదినము పిలిచి నిలుపుటకు వేఱొక మార్గమును ఇంగ్లండున అడిసను, స్టీలు అను మిత్రులిద్దరు చూపిరి. 1711 మార్చి 1వ తేదీన వారు స్పెక్టేటరు అను దినపత్రికను ఆరంభించిరి. ఒక్క కాగితము, ఒక్క వ్యాసము, వెల యొక పెన్నీ. ఆదివారము తప్ప ప్రతిదినమును వెలువడుచు 1712 డిసెంబరు వరకు 555 సంచికలు నడచెను. శాస్త్రములను, తత్త్వమును పండితుల గదులనుండి కాఫీ దుకాణములకును, గృహిణులు తేనీరు సేవించు బల్లలయొద్దకును తెచ్చుట తన యుద్దేశమని అడిసను చెప్పుకొనెను. అందుకై వారు ఒక కల్పిత సంఘమును సృష్టించిరి. అందొకడు పల్లెటూరి భూస్వామి, ఒకడు వర్తకుడు, ఒకడు సైనికుడు, ఒకడు వయసు మళ్లిన సొగసుకాడు. నీతిని గ్రంథకర్త చెప్పడు. వీరి మాటలలో, వీరి తగవులలో అది తనంత తాను బయటపడును. చదువరి ఈ మనుష్యులతో పరిచయము పెంచుకొని, నేడు వారేమనిరో తెలిసికొనగోరి మరునాటి సంచికకై కాచుకొనును. పైగా చదువరుల ఉత్తరములకు ఆ పత్రికలో విరివిగ స్థానము లభించెను. దినమునకు మూడువేల ప్రతులు పోవుచుండగా, ప్రతి యొక్కింటికి ఇరువదిమంది చదువరులని అడిసను పదవ సంచికలోనే లెక్కగట్టెను. ఒకరు కొన్న కాగితమును ఇరువదిమంది చదువుట యన్న, గ్రంథాలయ ధర్మమును అదియే కదా!

ఆ మార్గమును తెలుగునేలకు దెచ్చి తెలుగుదనముతో నింపినవారు పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు. వారి సాక్షి వ్యాసములు 1913లో సువర్ణలేఖ పత్రికలో మొదలై, పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రికలో వెలువడి దేశమంతట ప్రసిద్ధికెక్కెను. సాక్షి సంఘములోని జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి అనువారు కల్పితులే యైనను తెలుగు చదువరులకు చుట్టములైరి. స్వభాషాభిమానమును గూర్చి వ్రాయవలసి వచ్చినపుడు పానుగంటివారు భాషయొక్క మహత్త్వమును లక్షణముతో నారంభింపలేదు. తెలుగువాడై పుట్టి తెలుగున మాటాడలేని వానిని సభలో నిలువబెట్టి, జంఘాలశాస్త్రి నోట వాని గుట్టు రట్టు చేసిరి. చదువరి మొదట నవ్వెను. నవ్వు ముగియకముందే ఆ యెత్తిపొడుపు తనకును తగులునని గ్రహించి తలవంచుకొనెను.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి గలదు. సాక్షి వ్యాసములు వ్యావహారికభాషలో వ్రాయబడినవి కావు. గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారికభాషోద్యమము సాగుచున్న కాలముననే అవి గ్రాంథికమున వెలువడినను వేలకొలది జనులు చదివిరి. దీనివలన, గ్రాంథికమును విడిచినంత మాత్రమున వ్రాత చదివింపదనియు, గ్రాంథికమైనంత మాత్రమున చదువరి పాఱిపోడనియు తేలుచున్నది. వాక్యములో మనిషి కనబడవలయును, గొంతు వినబడవలయును. వాడుకభాషలోను చప్పని వ్రాతలు కొల్లలు గలవు. అయితే ఒక ప్రశ్న మాత్రము ప్రతి రచయితయు తన్ను తానడుగుకొనవలసినదే: ఈ మాట చదువరికి తెలియుటకై వాడబడినదా, తనకు తెలియునని చూపుటకై వాడబడినదా?

పిలుచుటలో నొక ప్రమాదము గలదు. దానిని చెప్పకున్న ఈ ప్రసంగము పూర్తికాదు. “అది యెట్లు?” అనిపించుట తెలిసినవాడు మోసమునకును దిగవచ్చును. భయంకరమైన శీర్షిక పెట్టి, లోపల ఏమియు లేని వ్రాతలు నేడు కోకొల్లలుగ గలవు. శీర్షిక ప్రామిసరీ నోటు వంటిది. దానిపై చదువరి తన కాలమును అప్పుగ నిచ్చుచున్నాడు. వ్యాసము ముగియులోగా ఆ యప్పు వడ్డీతో తీరవలయును. ఒకమారు నోటు చెల్లనివానికి ఊరిలో రెండవమారు అప్పు పుట్టదు. అంతకంటె నష్టమేమన, ఒకడు ఎగవేసినచో ఆ చదువరి తరువాత వచ్చు నిజాయతీపరుని గూడ నమ్మడు. ఒక రచయిత చేసిన మోసమునకు రచయితలందఱును జరిమానా చెల్లింపవలసి వచ్చును.

మఱి, చదివించుటయే పరమావధియైనచో వసుచరిత్రమువంటి ప్రౌఢకావ్యముల గతి యేమి యని కొందఱు శంకింపవచ్చును. ఆ కావ్యమున శ్లేషలు విప్పుకొనుటయే యొక యానందము. వ్యాఖ్యానమును పక్కన బెట్టుకొని, గురువునకు నమస్కరించి చదువువారికై రామరాజభూషణుడు దానిని రచించెను. కొబ్బరికాయ పగులగొట్టవలసి వచ్చినను లోపల నీరున్నది కనుక నెవరును విసుగుకొనరు. పగులగొట్టి చూడగా లోపల నేమియు లేనపుడే కోపము వచ్చును. కావ్యమునకు చదువరి నడచి వచ్చును; పత్రికావ్యాసము చదువరి యింటికి తానే నడచి పోవలయును. గుమ్మమున నిలిచినవాడు ఇంటి యజమాని భాషలో పలుకరించుట మర్యాద.

ఈ తత్త్వమును లిఖితపత్రిక నడుపబోవు యువకుల యుపయోగార్థము కొన్ని యాచరణవాక్యములుగ చెప్పవచ్చును.

మొదటిది: ఒక వ్యాసమునకు ఒక్క విషయమే. ఎరువులను గూర్చి మొదలిడి రైతు ఋణములమీదుగ పోయి దేశభక్తిలో తేలరాదు.

రెండవది: వ్యాసము పూర్తియైన పిమ్మట మొదటి పేరాను చేతితో మూసి రెండవ పేరానుండి చదివి చూడవలయును. అర్థమునకు లోటు రానిచో మొదటి పేరాను నిర్దయగ కొట్టివేయవలయును. పెక్కు వ్యాసములు నిజముగ ప్రారంభమగునది రెండవ పేరాలోనే.

మూడవది: పేర్లు, తేదీలు, కొలతలు వ్రాయవలయును. “మన గ్రామమునకు పూర్వచరిత్ర గలదు” అనుటకంటె, “గుడి మండపమున తూర్పు స్తంభముపైనున్న శాసనములో ఈ చెరువు పేరు గలదు” అనుట మేలు. మొదటి వాక్యము విని తల యూపుదురు. రెండవ వాక్యము విని లేచి గుడికి పోయి చూతురు. అయితే అట్టి శాసనము నిజముగ నుండి, చదివినవారు నిర్ధారించి యున్నపుడే వ్రాయవలయును.

నాలుగవది: వ్యాసమును పత్రికలో చేర్చుటకు ముందు ఇద్దరికి పైకి చదివి వినిపింపవలయును. వారిలో నొకరు ఆ విషయము ఏమాత్రము ఎఱుగనివారై యుండవలయును. ఏ వాక్యముకడ వారి చూపు వీధివైపు మరలునో, ఆ వాక్యముకడ గీటు పెట్టవలయును. ఇదియే పౌరాణికుడు మొగములు చూచుటకు బదులు.

అయిదవది: తిట్టరాదు. గ్రామములోని లోపములను ఎత్తి చూపునపుడు వ్రాయువాడు తానొక గట్టుపై నిలిచి, చదువరులను బురదలో నిలిపి మాటాడినచో వారు వినరు. పానుగంటివారి యెత్తిపొడుపులో తెలుగువాడు తెలుగువానినే యెత్తిపొడిచెను; కనుకనే అది చెల్లెను.

ఆఱవది: చెప్పిన దినమున పత్రిక వెలువడవలయును. పౌర్ణమికి రావలసినది అమావాస్యకు వచ్చినచో చదువరి ఎదురుచూచుట మానును. ఎదురుచూపు పోయిన పత్రికకు ప్రాణము లేదు. ప్రతి సంచికలోను చదువరుల ప్రశ్నలకు ఒక పుట విడువవలయును. ప్రశ్న యడిగినవాడు జవాబు కొఱకు తప్పక చదువును, తనవారిచేతను చదివించును.

ఏడవది: చెప్పవలసినది కాగానే ముగింపవలయును. మంగళహారతి యైన పిమ్మటను కథ కొనసాగించినచో భక్తుడును లేచిపోవును.

గ్రంథాలయోద్యమ చరిత్రలో ఈ ధర్మమునకు చక్కని నిదర్శనములు గలవు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి సంపాదకత్వమున, చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెలుగుమాత్రమే యెఱిగినవారికి అందునట్లు పుస్తకములుగ వెలువరించెను. 1914లో బెజవాడలో గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినపుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు తలపెట్టినది భవనములను కట్టించుట మాత్రమే కాదు. చదువరి యున్న చోటికి పుస్తకమును పంపుట. ఆ భావమే పిమ్మట కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమై తేలెను. పాతూరి నాగభూషణముగారు నడపిన ఆ పడవ గ్రంథాలయము ప్రయాణికుల చేతికి పుస్తకము నందించెను. పడవలో చదువువానికి దిగవలసిన రేవు గలదు. రేవు వచ్చునంతలో పుస్తకము అతనిని ఆకట్టుకొనవలయును. ప్రతి చదువరికిని ఏదో యొక రేవు గలదు. అది మఱచి వ్రాయువాడు ఖాళీ పడవకు వ్రాయుచున్నాడు.

అచ్చుపుస్తకమునకు వేయి ప్రతులుండును. వేయిమందిలో నూఱుగురు విడిచినను తొమ్మిదివందలమంది మిగులుదురు. లిఖితపత్రికకు ప్రతి యొక్కటియే. అది ఈ గ్రంథాలయపు బల్లపైన నుండును. చదువ నేర్చినవాడు చేతబట్టగా, చదువ నేరనివారు చుట్టును చేరి విందురు. చదువుచున్నవాడు దప్పికకై నడుమ నాగినపుడు, వినుచున్న ముదుసలి “తరువాత?” అని యడిగినచో యువకుల శ్రమ ఫలించినట్లే. ఆ ఒక్క మాటను సంపాదించుటకు వారు ఎన్ని కాగితములు చింపివేసినను నష్టము లేదు.

ఇరువదియైదు సంవత్సరములుగ పుస్తకములను పోగుచేసి కాపాడిన పెద్దలకును, ఇకమీదట వ్రాయబోవు పిన్నలకును సర్వేశ్వరుడు ఆయురారోగ్యముల నొసగుగాక! ఈ గ్రంథాలయము చదువరులతో నిత్యకల్యాణమై వర్ధిల్లుగాక!